ముందరికాళ్ళ బంధం

వాగు ఒడ్డున ఓబులేసు చాకిరేవు. రేవుకు ఎగువన తుమ్మచెట్లు, వాటి వెనక మోకాలెత్తు గడ్డి, గడ్డి దాటితే గుట్టలు. గుట్టల్లో తోడేలు కాపురం. పొద్దున్నే ఓబులేసు మూటలు దించి, గాడిద ముందరికాళ్ళు రెండూ కలిపి తాడుతో బంధం వేసి మేతకు వదిలేస్తాడు. మధ్యాహ్నం ఎండ తిరిగాక విప్పుతాడు. మేస్తూ మేస్తూ దూరం పోకుండా ఆ ఏర్పాటు. తాతల నాటి నుంచీ ఉన్నదే. దాని గురించి గాడిదను అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఆ గాడిద పేరు సుంకి. ముందటేడు సుంకికి ఒక పిల్ల పుట్టింది. పాలు మరవకముందే తోడేలు ఎత్తుకుపోయాడు, తల్లి కళ్ళెదుటే. బంధం వేసిన కాళ్ళతో గెంతుకుంటూ వెంటపడి, బోర్లాపడి, మూతి చీరుకుని లేచేసరికి, వాడు తొక్కుకుంటూ పోయిన గడ్డి కూడా మళ్ళీ నిటారుగా నిలబడి ఉంది.

ఇప్పుడు మళ్ళీ ఒక పిల్ల. పేరు బుడ్డి. ఒంటికంటే చెవులే పెద్దవి. సుంకి దాన్ని నాకుతూ, "ఈసారి ఇయ్యను" అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకుంది, గట్టిగా.

సరిగ్గా ఆ రోజుల్లోనే తుమ్మచెట్ల కింద నక్క జంబన్న తన్నులు నేర్పే తాలీం తెరిచాడు. ఇసక చదును చేశాడు. ఓబులేసు ఆరేసిన బట్టల్లోంచి ఒక ఎర్రపీలిక లాగి మెడకు చుట్టుకున్నాడు. తనను వస్తాదు అని పిలవమన్నాడు. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే జవాబు చెప్పకుండా దూరంగా కొండల వైపు చూసేవాడు. అలా చూసే గురువును ఎవరు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతారు?

తాలీంలో ఉన్న సరంజామా అంతా కలిపి ఒక ఎండు సొరకాయ. దాన్ని తుమ్మకొమ్మకు వేలాడదీశాడు. ఎగిరి తంతే లోపలి గింజలు గలగలమంటాయి. గలగలమన్నప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్ళు కేరింతలు కొడతారు. మొదటి శిష్యుడు ఊళ్ళోని కోడిపుంజు, రెండోవాడు పొట్టేలు. తాలీం తెరిచినప్పటి నుంచి ఊళ్ళో పెట్టలు పలచబడ్డాయని ఎవరికీ తోచలేదు. పుంజుకు అసలే తోచలేదు, దానికి సాధనతోనే తీరిక లేదు.

"నాకు తన్ను నేర్పుతావా వస్తాదన్నా?" అని వచ్చి నిలబడింది సుంకి.

"ఎవర్ని తన్నల్ల చెల్లెలా?"

"తోడేలును."

జంబన్న మీసం ఒక్క క్షణం అదిరింది. వెంటనే సర్దుకున్నాడు.

"అయ్యో, నీ కడుపుకోత నాకు తెలీదా! తప్పకుండా నేర్పుతా. కానీ నా మాట జవదాటకూడదు. తన్నేటప్పుడు గాల్లోకి లేవల్ల. నేల మీద కాళ్ళు పెట్టుకుని తన్నేది తన్నే కాదు, అది దుమ్ము దులుపుకునేది. శత్రువు కంటపడంగానే తన్నల్ల. దగ్గరికి వచ్చేదాకా ఆగేటోళ్ళు పిరికోళ్ళు. ఇంకో మాట. వెనక్కి చూడకూడదు. వీరులు వెనక్కి చూడరు."

వినడానికి ఎంత బాగుందో! పుంజు రెక్కలు టపటపలాడించింది. పొట్టేలు, "ఆ చివరి మాట ఇంకోసారి చెప్పు వస్తాదన్నా" అని అడిగి మరీ చెప్పించుకుంది.

ఆ మధ్యాహ్నం నుంచి సుంకి నేర్చుకోవడం మొదలుపెట్టింది. బంధం విప్పాక, ఓబులేసు ఆరిన బట్టలు మడతపెట్టి మూటలు కట్టేదాకా ఆమెకు తీరిక. గిర్రున తిరిగి గాల్లోకి లేచి తన్నే సుడిగాలి తన్ను త్వరలోనే వచ్చేసింది. సొరకాయ గలగలమంది. "గాడిదంటే ఇదీ" అని అందరూ మెచ్చుకున్నారు. గాడిద పేరు ఎత్తి ఎవరైనా మెచ్చుకోవడం సుంకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ రాత్రి బుడ్డిని కడుపు దగ్గరికి లాక్కుని నిశ్చింతగా నిద్రపోయింది.

ఒక పొద్దున తోడేలు గడ్డిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు.

కంటపడంగానే తన్నాలని వస్తాదు చెప్పాడు కదా. సుంకి ఎగిరింది. బంధం వేసిన ముందరికాళ్ళు ఎగరలేదు. వెనకకాళ్ళు మాత్రం ఎగిరాయి. ఆమె పక్కవాటుగా నేలకు కొట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ ఉండిపోయింది. తోడేలుకు ముచ్చటేసింది కాబోలు, కాసేపు నిలబడి చూశాడు. తర్వాత నింపాదిగా బుడ్డి వైపు నడిచాడు. అదృష్టం బాగుండి బండ మీద బట్టలు ఉతుకుతున్న ఓబులేసు తలెత్తి చూశాడు. అరుస్తూ పరిగెత్తుకొచ్చి రాయి విసిరాడు. తోడేలు వెనక్కి తిరిగి గడ్డిలోకి పోయాడు, పరిగెత్తకుండా, నడుచుకుంటూ. ఎప్పుడంటే అప్పుడు రావచ్చని తెలిసినవాడి నడక అది.

"సొరకాయ మీదైతే బాగా తగిలుండేది" అంది ఒక గొంతు.

రేవు పక్కన కూలిపోయిన పాత ఇల్లుంది. పైకప్పు లేదు, ఒక మూల రెండు మట్టిగోడలు మాత్రం మిగిలాయి. ఆ గోడల నీడన రాణెమ్మ నిలబడి ఉంది. ఒకప్పుడు టౌనులో బస్టాండుకీ స్టేషనుకీ మధ్య జట్కా లాగిన గుర్రం. ఆటోలు వచ్చాక యజమాని తెచ్చి ఈ ఊళ్ళో వదిలేశాడు. మనసు బాగుంటే సణుగుతుంది, బాగులేకపోతే తిడుతుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె తన్నుకు జట్కా పలకలు విరిగేవని చెప్పుకునేవారు.

సుంకి దుమ్ముతోనే లేచి వెళ్ళి ఆమె ముందు నిలబడింది. "ఎక్కడ తప్పు చేసినా పెద్దమ్మా?"

రాణెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఏడుస్తూ వచ్చి ఉంటే తరిమేసేదే. సుంకి ఏడవడం లేదు.

"ఆ సొరకాయ ఎంత ఎత్తులో ఉండాది?"

"నా వీపుకంటే పైన."

"తోడేలు ఎంత ఎత్తు?"

సుంకి ఆలోచించింది. "వాడి రొమ్ము నా మోకాలికి కొంచెం పైకి వస్తాది."

"మరి ఆ ఎత్తులో ఎవర్ని తన్నాలని? కొంగల్నా?"

సుంకి తల దించుకుంది.

"ఇంకా ఏం నేర్పినాడు మీ వస్తాదు?"

"కంటపడంగానే తన్నమన్నాడు. వెనక్కి చూడొద్దన్నాడు."

రాణెమ్మ నమలడం ఆపింది. "నువ్వు తన్నేది ఏ పక్కకు?"

"వెనక్కి."

"వెనక్కి తన్నేదానికి వెనక్కి చూడొద్దని చెప్పినాడా? అట్ల చెప్పినోడు నీకు గురువు కాదమ్మే. నీ వెనక నుంచి వచ్చేటోడికి చుట్టం."

సుంకికి అప్పుడు గుర్తొచ్చింది. ముందటేడు పిల్ల పోయిన పొద్దున జంబన్న పనిగట్టుకుని వచ్చి, "గట్టు అవతల లేతగడ్డి మొలిచిందే చెల్లెలా, పిల్లను తీసుకుని పో" అని చెప్పి వెళ్ళాడు. మంచోడు, తన మేత గురించి కూడా ఆలోచించాడని అప్పుడు సంబరపడింది. ఇన్నాళ్ళూ ఆ మాటనూ తోడేలునూ కలిపి చూసుకోలేదు.

"వాణ్ణి ఇప్పుడే పోయి తంతా!"

"పో. సొరకాయను తన్నినట్టు తన్నేసి రా" అంది రాణెమ్మ. "కోపం తలకెక్కితే గురి పోతాది. శబ్దం మాత్రం వస్తాది. కోపం పోగొట్టుకోమని నేను చెప్పను, నీ పిల్లను తిన్నారు, ఉండల్ల. దాన్ని తలలోంచి కాళ్ళలోకి దించుకో. నేను నేర్పేది అదే."

"ఎట్ల నేర్చుకునేది పెద్దమ్మా? వాడొచ్చేది పొద్దునపూట. అప్పుడు నా ముందరికాళ్ళకు బంధం ఉంటాది. ఎగరలేను, తిరగలేను."

"తన్నేటప్పుడు ముందరికాళ్ళు ఏం చేయల్ల?"

తాలీంలో ఎప్పుడూ వెనకకాళ్ళ గురించే మాట్లాడారు.

"నేలను పట్టుకోవల్ల," అంది రాణెమ్మ. "కదలకూడదు. ఒంటి బరువంతా వాటి మీదికి వచ్చి పడల్ల. అప్పుడే వెనకకాళ్ళు తేలికపడి పోతాయి. తన్నులో బలమంతా తన్నని కాళ్ళలో ఉండాది. ఇప్పుడు చెప్పు, బంధం ఏం చేస్తాది?"

"కదలనీయదు" అంది సుంకి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమె తన ముందరికాళ్ళ వంక చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తిట్టుకుంటున్న తాడు అక్కడే ఉంది, ముడి కూడా మారలేదు.

"ఆ గోడ చూడు. తోడేలు రొమ్మంత ఎత్తు చూసుకో. తన్ను."

మొదటి తన్నుకు సుంకి ముక్కు నేలకు తగిలింది. రెండు కాళ్ళూ ఒకచోట కట్టేసి ఉంటే నిలదొక్కుకోవడం తేలిక కాదు. రాణెమ్మ అయ్యో అనలేదు. "తల దించు. దించితే బరువు ముందుకు వస్తాది. ఎత్తుకుని తన్నితే పడతావు" అంది. తల దించింది. ఈసారి పడలేదు, కానీ గోడ తగల్లేదు. "చూడకుండా తన్నినావు. మెడ తిప్పొద్దు, కన్ను తిప్పితే చాలు. దేవుడు గాడిదకు కళ్ళు పక్కన పెట్టింది అందానికా? చెవులు కూడా వెనక్కి పెట్టు." చూసి తన్నింది. మట్టి రాలింది. సంతోషంతో కాళ్ళు గాల్లో అలాగే ఉంచి చూసుకుంది.

"దించు!" అని గట్టిగా అరిచింది రాణెమ్మ. "తన్నిన కాలు అక్కడే పెట్టుకుంటే వాడి నోటికి అందించినట్టే. తన్నడం సగం పనే. కాలు వెనక్కి లాక్కుని మళ్ళీ నేల మీద పెట్టినప్పుడే పని అయినట్టు. ఎవరికి తెలుసు, వెనక ఇంకోడు ఉండొచ్చు."

రోజూ అదే గోడ, అదే తన్ను. మధ్యాహ్నం కేరింతలకు అలవాటుపడిన ప్రాణం కదా, కొన్నాళ్ళకు సుంకికి విసుగొచ్చింది.

"ఇంకో తన్ను నేర్పు పెద్దమ్మా."

"ఇది వచ్చిందా?"

"వచ్చింది."

"ఈగ చెవిలో దూరినప్పుడు తన్ను. ఆకలితో కడుపు కాలేటప్పుడు తన్ను. పిల్ల ఏడుస్తున్నప్పుడు గురి తప్పకుండా తన్ను. అప్పుడొచ్చి చెప్పు."

సుంకి తన్నింది. ఈగ వాలినా తన్నింది, ఎండ మండినా తన్నింది, డెక్కలు వాచినా తన్నింది. విసుగు పుట్టినప్పుడల్లా నిటారుగా నిలబడిన ఆ గడ్డిని తలుచుకుంది. గోడలో తోడేలు రొమ్మెత్తున ఒక గుంట పడింది. అది నానాటికీ లోతయ్యింది.

"భయం ఎప్పుడు పోతాది పెద్దమ్మా?" అని అడిగింది ఒకనాడు.

"పోదు. నాకు ఇప్పటికీ లారీ హారన్ అంటే భయమే. కడుపులో ఉంటే ఉండనీ, దాన్ని కాళ్ళలోకి మాత్రం రానీకు. వాడి ఊపిరి నీ వెనకకాళ్ళకు తగిలేదాకా ఆగగలిగితే నువ్వు గెలిచినట్టే. అంతదాకా ఆగేదే కష్టం. తన్నేది ఎవరైనా తంతారు."

సుంకి గోడ మూలను చూసింది. తోడేలు ఎప్పుడొస్తాడో, ఏ పక్క నుంచి వస్తాడో తెలియక రోజూ గడ్డి వైపు చూసి చూసి అలిసిపోయింది. వాడు వచ్చే చోటూ పూటా తనే ఎందుకు నిర్ణయించకూడదు?

మర్నాడు పొద్దున బంధంతోనే గెంతుకుంటూ తాలీంకు వెళ్ళింది.

"వస్తాదన్నా, బంధంతో సుడిగాలి తన్ను రావడం లేదు. చూసి చెప్పు" అంది. అందరూ చూస్తుండగా ఎగిరింది. దబ్బున పడింది. పుంజు పకపకా నవ్వింది. లేచి మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పడింది. ఈసారి పొట్టేలు కూడా నవ్వింది. పడడం నటనే గానీ, ఆ నవ్వులు నిజంగానే గుచ్చుకున్నాయి. నిన్న మొన్న "గాడిదంటే ఇదీ" అన్న నోళ్ళే అవి. సుంకి పళ్ళు బిగించుకుంది. నవ్వనీ. నవ్వితే బుడ్డి బతుకుతుందంటే ఊరంతా వచ్చి నవ్వనీ.

"ఇంక లాభం లేదన్నా. రేపు పొద్దున పిల్లను తీసుకుని ఆ కూలిన ఇంటి మూలలో దాక్కుంటా. రాణెమ్మ కూడా వాగు అవతలికి మేతకు పోతాదంట. తోడుకు ఎవరూ లేరు" అంది, గొంతు వణికిస్తూ.

"బాధపడొద్దు చెల్లెలా. అక్కడైతే నీకేం భయం లేదు" అన్నాడు జంబన్న ఎంతో ప్రేమగా. శిష్యులను ఆ పూటకు పంపేసి, ఎర్రపీలిక సర్దుకుని, నేరుగా గుట్టలెక్కాడు.

మర్నాడు పొద్దున రాణెమ్మ వాగు దాటిపోయాక, సుంకి బుడ్డిని రెండు గోడలు కలిసే మూలలోకి నెట్టింది. తను దానికి అడ్డంగా, తల మూలలోకి, వెనకకాళ్ళు బయటికి పెట్టి నిలబడింది. పిల్ల దగ్గరికి పోవాలంటే ఇక ఒకటే దారి, ఆమె వెనకకాళ్ళ మీదుగా. ముందరికాళ్ళను మట్టిలోకి అదిమింది. బంధం బిగిసింది. కడుపులో భయం తిరుగుతూనే ఉంది. తిరగనీ అనుకుంది.

గడ్డి కదిలింది. ఇద్దరూ వచ్చారు.

"చూసినావా మామా? మూలకు చేరింది. పారిపోను దారి లేదు, కాళ్ళకు బంధం ఉండాది, ఎగిరితే పడతాది. నిన్న నా కళ్ళతో చూసినా" అని గుసగుసగా చెప్పాడు జంబన్న.

తోడేలు గోడ వంక చూశాడు. "ఆ గుంట ఏంది?"

"వానకు మట్టి రాలింటాది. అన్నీ అనుమానాలే నీకు."

"అంత నమ్మకం ఉంటే నువ్వే ముందు పో. తోక పట్టి లాగు. అది పడితే నేను పిల్లను చూసుకుంటా. వస్తాదువి గదా!"

వస్తాదు అని పిలిపించుకున్నాక వెనక్కి తగ్గడం ఎలా? పైగా బంధం వేసిన గాడిద తన్నలేదని జంబన్నకు గట్టి నమ్మకం. తను నేర్పిన తన్ను తప్ప లోకంలో ఇంకో తన్ను ఉంటుందని అతనికి తోచనే లేదు. మెత్తగా అడుగులేస్తూ వచ్చాడు.

"చెల్లెలా, నేనే, మీ వస్తాదును. తోడేలు గోడ అవతల ఉండాడు. ముందుకే చూడు. వెనక్కి చూడొద్దు!"

సుంకి మెడ తిప్పలేదు. కన్ను తిప్పింది. చెవులు వెనక్కి వాల్చింది. ఎర్రపీలిక కనిపించింది. దాని వెనక పసుపు కళ్ళు కనిపించాయి. తన్నాలని ఒళ్ళంతా కొట్టుకుపోతోంది. మూలలో బుడ్డి సన్నగా ఏడుస్తోంది. ఆగింది. గడ్డి చప్పుడు దగ్గరైంది. ఆగింది. వెచ్చటి ఊపిరి వెనకకాళ్ళకు తగిలింది.

తల దించి తన్నింది.

గలగలమని శబ్దమేమీ రాలేదు. దబ్బుమని ఒకటే చప్పుడు. జంబన్న గాల్లోకి లేచాడు, అతను నేర్పిన ఏ తన్నులోనూ ఎవరూ లేవనంత ఎత్తుకు లేచి, తుమ్మకంపలో పడ్డాడు. అది చూసి తోడేలు కోపంతో ఒక్క దూకు దూకాడు. ఆమె కాళ్ళు ఇంకా గాల్లోనే ఉంటాయనుకున్నాడు. అవి అప్పటికే నేల మీద ఉన్నాయి. రెండో తన్ను వాడి రొమ్ములో దిగింది, గోడలో గుంట ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంత ఎత్తున. లోపల ఏదో విరిగింది. తోడేలు లేచి, ఒక్క మూలుగు మూలిగి, కాలు ఈడ్చుకుంటూ గుట్టల దారి పట్టాడు. ఈసారి వాడి నడకలో నింపాది లేదు.

సుంకి కాళ్ళు వెనక్కి లాక్కుని నేల మీద పెట్టింది. ఇంకోడు ఉన్నాడేమో చూసుకుంది. ఎవరూ లేరు. అప్పుడు వచ్చింది ఏడుపు. పోయిన పిల్లకూ ఉన్న పిల్లకూ కలిపి, బుడ్డి మెడ మీద తల పెట్టి తనివితీరా ఏడ్చింది.

తుమ్మకంపలోంచి జంబన్న గొంతు వచ్చింది. పళ్ళు రాలిపోయాయి కాబట్టి మాట సరిగ్గా లేదు.

"ఈ తన్ను... నేను నేర్పలేదే!"

"నువ్వు నేర్పిందే వస్తాదన్నా" అంది సుంకి. "వెనక్కి చూడొద్దని చెప్పినావు గదా. అందుకే చూసినా."

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల తోడేలు అలికిడి వినపడలేదు. జంబన్న ఎక్కడికి పోయాడో తెలియదు గానీ, ఊళ్ళో పెట్టలు మళ్ళీ పెరిగాయి. ఎర్రపీలిక కంపకు తగులుకుని చాలాకాలం ఊగుతూ ఉండేది. ఒక మధ్యాహ్నం పుంజు, పొట్టేలు కలిసి గోడ దగ్గరికి వచ్చాయి.

"మాకూ ఆ తన్ను నేర్పు సుంకక్కా" అంది పుంజు.

సుంకి రాణెమ్మ వైపు చూసింది. రాణెమ్మ కళ్ళు మూసుకుని నీడలో కునుకుతున్నట్టే ఉంది, కానీ చెవులు ఇటే ఉన్నాయి.

"నేర్పుతా. ముందు నిలబడండి" అంది సుంకి.

"నిలబడే ఉన్నాము గదా!"

"లేదు. ఎగరడానికి చూస్తాండారు. నిలబడండి."

పొట్టేలు విసుక్కుని ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది. పుంజు మాత్రం గోళ్ళు మట్టిలో దించి, ఇంకా అక్కడే నిలబడి ఉంది.

నీతి: నిలబడడం నేర్చుకున్న కాలే తన్నగలదు.